ఛాంపియన్ గారి పాల క్యాన్లు

మా తమ్ముడు బాలశౌరి ఓడిపోవడం మొదలుపెట్టాక గుణదలలో ప్రతివాడూ డాక్టరైపోయాడు. ఒకడు మోకాళ్లన్నాడు, ఇంకొకడు దిష్టన్నాడు. మా అమ్మ శౌరమ్మ కొండ మీద మేరీమాత దగ్గర పెట్టిన నూనె తెచ్చి పొద్దుటా సాయంత్రం వాడి పిక్కలకు రాసింది. పెద్దాసుపత్రిలో చూపిస్తే ఏ జబ్బూ లేదన్నారు. లేదట! మరి డెబ్బై రెండులోనూ డెబ్బై మూడులోనూ బెజవాడ నుంచి బందరు దాకా సైకిల్ పందెంలో అందర్నీ వెనకేసినవాడు, డెబ్బై ఆరొచ్చేసరికి ఉయ్యూరులో సైకిలు దిగి రోడ్డు పక్కన ఎందుకు కూలబడ్డట్టు?

పందేలకు ముందు వాడు పాలు పోసేవాడు. నిడమానూరులో క్యాన్లు నింపుకుని గవర్నర్‌పేట హోటళ్లలో పోసి రావడం పని. వాడిలాంటివాళ్లు ఇంకో పదిమంది ఉండేవాళ్లు. తిరుగుదారిలో ఖాళీ క్యాన్లతో మా దగ్గరి ఏలూరు కాలువ గట్టుకు పందెం వేసుకునేవాళ్లు. ఆఖర్న వచ్చినవాడు అందరి క్యాన్లూ తోమాలి, అదీ వాళ్ల కట్టుబాటు. ఆ క్యాన్ల మోత వినబడిందంటే వీధిలో పిల్లల్ని పక్కకు లాక్కునేవాళ్లం. "ఒరేయ్ శౌరిగా, ఆగరా, నీ దుంప తెగ!" అని వెనక నుంచి వెంకటప్పయ్య అరుపు. వాడు మా తమ్ముడి జతగాడు. ఎంత తొక్కినా ఎప్పుడూ రెండోవాడే. మావాడు మాత్రం ఒక్కనాడూ క్యాను తోమిన పాపాన పోలేదు.

రెండోసారి గెలిచాక గవర్నర్‌పేటలో సైకిళ్ల కొట్టున్న శేషగిరిరావుగారు పిలిపించారు. "ఇంకా ఈ క్యాన్లేమిటోయ్, నామోషీ కాదూ? మా కొట్టు తరఫున పందేలు తొక్కు, నెలజీతం ఇస్తాను" అన్నారు. తేలికపాటి కొత్త సైకిలిచ్చారు. గోడకు వీడి ఫోటో తగిలించి, దాని కింద కుర్చీ వేయించారు. ఆయన మంచికే చేశారు, నేను తిట్టను.

అప్పటినుంచి మావాడు తెల్లారకుండానే ఒంటరిగా ప్రాక్టీసుకు పోయేవాడు. దారిలో పాలవాళ్లు ఎదురైతే సైకిళ్లు పక్కకు తీసి దారిచ్చేవాళ్లు. "నమస్కారమండీ ఛాంపియన్ గారూ" అన్నది ఎవరనుకున్నారు? వెంకటప్పయ్య! ఎగతాళికి కాదు, నిజంగానే. చెడ్డ గౌరవం వచ్చిపడింది. వింటే నాకు ఒళ్లు మండిపోయింది.

అన్నం దగ్గర కూడా మాట్లాడటం మానేశాడు. ఒకసారి గట్టిగా నిలదీశాను. "ముందూ ఎవడూ లేడు, వెనకా ఎవడూ లేడక్కా. ఎవడి కోసం తొక్కనే?" అన్నాడు. కంచంలో ఇంకో ముద్ద అన్నం పెట్టాను.

ఉయ్యూరులో దిగిపోయిన వారానికే కొత్త సైకిలు కొట్టులో అప్పగించి వచ్చాడు. ఇక ఈ జన్మలో పందెం మాటెత్తొద్దన్నాడు. ఆ కాళ్లు అరుగు మీద ఊరికే వేలాడుతుంటే చూడలేకపోయాను. నాలుగురోజులు ఓర్చుకుని, "పోనీ, పాలన్నా పోసిరారా, బతికున్నట్టుంటుంది" అని కసిరాను. లేచి అటక మీంచి పాత క్యాన్లు దించాడు.

మర్నాడు నేను కాలువలో బట్టలుతుకుతున్నాను. పాలవాళ్లు వస్తున్నారు గానీ మోతే లేదు. తలెత్తి చూస్తే, మావాడు ముందు, మిగతావాళ్లంతా బ్రేకులు పట్టుకుని వెనకాల! ఛాంపియన్ గారిని దాటకూడదని. వాడు వెనక్కి తిరిగి, "తొక్కండ్రా! మీ కాళ్లు పడిపోయాయా?" అని అరిచాడు. ఆ కేకకు రోషమొచ్చి తొక్కారు. ఒక్కొక్కడూ మావాణ్ణి దాటేశాడు. పాత బరువు సైకిలు అలవాటు తప్పింది కదా, ఆయాసపడుతూ అందరికన్నా ఆఖర్న వచ్చాడు.

వెంకటప్పయ్య గబగబా బూడిదా కొబ్బరిపీచూ అందుకున్నాడు. "మీరు కూర్చోండి. నేను తోముతాగా."

మావాడి మొహం ఎర్రబడింది. "నేను ఓడిపోయాన్రా వెంకటప్పయ్యా! ఊరంతా చూసింది, నువ్వొక్కడివీ చూడవేంరా? ఓడిపోయాను. తోమనీరా నన్ను!"

నా చేతిలోంచి బట్ట జారి నీళ్లలో కొట్టుకుపోతున్నా పట్టించుకోలేదు.

వెంకటప్పయ్య బూడిదా పీచూ కింద పెట్టాడు. తర్వాత తన క్యాను తెచ్చి వాడి కాళ్ల దగ్గర ఠంగున పడేశాడు. "తోమి చావు మరి. అడుగున జిడ్డుందో, మళ్లీ తోమిస్తా శౌరిగా."

మావాడు మోకాలి లోతు నీళ్లలో నిలబడి అన్నీ తోమాడు. తోముతూ ఏడ్చాడు. వాళ్లు బీడీలు కాల్చుకుంటూ అటు తిరిగి నిలబడ్డారు. నేనూ వాడి వైపు చూడలేదు.

ఇంటికొచ్చాక అన్నం పెట్టాను. గోళ్లలో ఇంకా బూడిద ఉంది. మళ్లీ కడుక్కోరా అంటే వినలేదు, అలాగే కలుపుకున్నాడు. సగం తిన్నాక తలెత్తాడు.

"అక్కా, రేపు మాత్రం తోమను."