పావు తిప్పితే ఊడే పెండ్లికారు

నవ్వుండ్రి, నవ్వుండ్రి. పెండ్లికైతే రాలేదు, వీడియో మాత్రం అందరు చూసిండ్రు! మొన్న నా ఇజ్జత్ శాలిబండల గల్లీకో ముక్క పడ్డది. ఇంక మిగిలిందేమన్న ఉంటే మీ ముందర పెట్టి, చాయ్ తాగి పోత.

నా కారు సంగతి తెలుసు గదా. కిట్ కారు. పాత కారు కొని, దాని రేకు బాడీ మొత్తం పీకేసి, కింది చట్రం మీద ఫైబర్ బాడీ మనమే కూర్చుకునుడు. ధూల్‌పేట్‌ల విగ్రహాలు చేసే అన్న ఒకాయన అచ్చులు చేసి ప్యానెళ్ళు తీసిచ్చిండు. కరెంటాఫీసుల డ్యూటీ అయినంక నేను, మా గల్లీ వెల్డింగ్ షాపు ఖాదర్ భాయ్ కలిసి కూర్చినం. ఎర్ర రంగు. మస్తుంటుండె!

ఒక్కటే ఫికర్. ఆ ప్యానెళ్ళు బిగించుడు ఎట్ల? ఇంజన్ ఊకె వేడెక్కుతది, ఎప్పుడు పడితె అప్పుడు తెరవాలె. స్క్రూ కొడితే ఫైబర్ పగుల్తది. రివెట్ కొడితే మళ్ళ ఊడదు. నట్టుబోల్టు పెడితే అవన్ని విప్పేసరికి తెల్లారుతది. వీడియోలు చూసి చూసి తలకాయ వాసింది. ఆఖరికి దొరికింది! రింగున్న ఫాస్ట్‌నర్. రింగు లేపి పావు సుట్టు తిప్పితే చాలు, ప్యానెల్ చేతికొస్తది. మళ్ళ పావు తిప్పితే బిగుసుకుంటది. రేసు కార్లకు గిసుంటియే పెడ్తరట!

ఖాదర్ భాయ్ ఒకటి తిప్పి చూసిండు. "మియా, గింత ఆసాన్‌గ తెరుచుకునేది గంతే ఆసాన్‌గ పడిపోదా? మూలకో బోల్టన్న పెట్టు."

"ఛల్ భాయ్, డిజైన్ ఖరాబైతది" అన్న. నా నోరు పడ!

ఇగ మా మామ. అప్పటికింక కాబోయే మామ. వాటర్ వర్క్స్‌ల నౌకరి. నిశ్చితార్థం నాడు అందరి ముందల అడిగిండు, "అల్లుడూ, ఉద్యోగం మంచిదే. గా కారు పిచ్చే సమజైతలేదు. నువ్వు చేసిన పని అసలు నిలబడ్తదా?"

నాకు సుర్రుమన్నది. "పెండ్లినాడు గా కార్లనే మీ ముందర దిగుత మామా, చూడుండ్రి" అన్న. అప్పటిసంది అది కారు కాదు, మామ దగ్గర నా మాట.

పెండ్లినాడు లోపల నాకు బాసింగం కడుతున్నరు. బయట పూల డెకరేషనాయన గొంతు ఇనబడ్డది. "అన్నా, ఈ రింగులు మస్తు పెట్టినవ్! ఏం సౌలత్ ఉన్నదే!"

నేను ఉబ్బిపోయిన. ఇన్ని దినాలల్ల నా రింగులను మెచ్చుకున్న మొదటి మనిషి! "ఇంకో మాల ఎక్కువనే కట్టన్నా!" అని లోపల్నుంచే ఒర్లిన.

ఆయన మెచ్చుకున్నది పూలదారం కట్టనీకి సౌలత్ ఉన్నదని! ప్రతి రింగు లేపి, దారం దూర్చి, కారు సుట్టూత ఒక్కటే పొడుగు మాల కట్టిండు. నేనొచ్చి చూసిన కూడ. ఒట్టు, చూసిన! బంతిపూలు బాగున్నయనుకొని ఎక్కి కూసున్న.

బరాత్ కదిలింది. ఖాదర్ భాయ్ స్టీరింగ్ పట్టిండు. ముందల మర్ఫా డప్పులు, మా చిన్నాయనలు ఊగిపోతున్నరు. గాజుల దుకాణం మలుపు కాడ బండి జర ఆగింది. ఆడ అరుగు మీద ఒక మేక. మా గల్లీ మేకల సంగతి ఎర్కే గదా, ఎవ్వనికి భయపడవు. దిగొచ్చి బంతిమాల నోట పట్టింది.

"హట్! హట్!" అన్నడు ఖాదర్ భాయ్. మేక ఉరికింది. నోట్లకెళ్ళి మాల మాత్రం ఇడవలె! దారం గుంజుకున్నది, రింగు పావు తిరిగింది. టక్. దాని పక్కది, టక్. దాని ఎనకది, టక్. ఒక్క రింగన్న మొరాయించలె, ఇంత మంచిగ ఎన్నడు పనిచేయలె. ఏడ్పొచ్చింది నాకు.

బానెట్ పడ్డది. మర్ఫా లొల్లిల ఎవనికి ఇనబడలె. తర్వాత మడ్‌గార్డ్, దాని ఎంట తలుపు. ఒక చిన్నాయన తలుపు లేపి నెత్తిన పెట్టుకొని డాన్స్ షురూ చేసిండు. జనం విజిల్స్! "ఆపుండ్రి! అరే, ఆపుండ్రి!" అని చేతులూపుకుంట మొత్తుకుంటున్న. పెండ్లికొడుకు జోష్ మీదున్నడని మర్ఫా ఇంక గట్టిగ కొట్టిండ్రు.

"మళ్ళ బిగిద్దాం భాయ్" అన్న ఏడ్పు మొఖం తోటి.

"ముహూర్తం పోతది మియా, చుప్‌చాప్ కూసో" అన్నడు ఖాదర్ భాయ్.

ఫంక్షన్ హాల్ గేటు కాడ ఎదురుకోళ్ళకు మామ పళ్ళెం పట్టుకొని నిలబడ్డడు. ఆయన ముందల పోయి ఆగింది ఏంది? చట్రం, ఇంజన్, సీట్లు, ఒక సీట్ల బాసింగం కట్టుకొని నేను. ఎనక మా చిన్నాయనలు ఎర్ర ప్యానెళ్ళు నెత్తిన పెట్టుకొని, సారె తెస్తున్నట్టు వరుసగ వస్తున్నరు. దిగనీకి తలుపు తెరిచే పని కూడ లేకపోయె. మామ ఆ చట్రం సుట్టూత ఒకసారి తిరిగి చూసిండు. బొట్టు పెట్టి లోపలికి తోల్కపోయిండు. నాలుగు తిట్టినా బాగుండు అనిపించింది.

పీటల మీద కూసున్న. అయ్యగారు పుస్తె చేతికిచ్చిండు. మూడు ముళ్ళు ఏసిన. అందరు అక్షింతలు చల్లుతున్నరు. మామ మాత్రం నా పక్క నుంచి వంగిండు. రెండు వేళ్ళతోటి ముడి పట్టుకొని గుంజి చూసిండు! ఇటు గుంజిండు, అటు గుంజిండు.

"అయ్యగారూ, ఇంకోటి ఏపియ్యరాదుండ్రి?"

అయ్యగారు పరేషాన్. "మూడే ఏస్తరయ్యా!"

హాలంతా నవ్వుడే. నేను తల వంచుకున్న. ఇంత మందిల కనీసం పెండ్లిపిల్లన్న నా దిక్కు ఒక మాట మాట్లాడుతదేమోనని ఆశపడ్డ. ఆమె మెల్లగ నా దిక్కు తిరిగింది.

"ఎయ్యిండ్రి. మీ గల్లీల మేకలు మస్తున్నయంట."