మాధవి పాటలో వదిలిన ఖాళీ

కోవిడ్ ఆంక్షలన్నీ తొలగిపోయాక వచ్చిన మొదటి చలికాలంలో, ఆక్లండ్ శివారు హెండర్సన్‌లోని ఒక చిన్న స్టూడియోలో నాకొక ఆల్బమ్ పని అప్పగించారు. నేనక్కడ సీనియర్ రికార్డింగ్ ఇంజనీర్‌ని. మైకులు ఎక్కడ పెట్టాలో, ఏ శబ్దాన్ని ఎంత స్థాయిలో పట్టాలో నిర్ణయించడం నా పని. పాట బాగుందా లేదా అన్నది నా శాఖ కాదు. కానీ మనసులో మాట ముఖంలో దాచుకోవడం నాకు చేతకాదు కాబట్టి, అద్దానికి అవతల వాయించేవాళ్లకు నా అభిప్రాయం తెలిసిపోతూనే ఉండేది.

వచ్చింది నలుగురి రాక్ బ్యాండ్. లూసీ గాయని, క్రెయిగ్ గిటార్, హేమీ డ్రమ్స్. నాలుగో మనిషి బేస్ గిటార్ వాయించే మాధవి. కరీంనగర్ అమ్మాయి. చదువు కోసం దేశం దక్షిణ కొసనున్న ఇన్వర్‌కార్గిల్ వచ్చి, ఉద్యోగం దొరికాక ఆక్లండ్‌లో సెటిల్ అయింది.

అంతకు ముందు చాలాకాలం నేను హైదరాబాదులో సినిమా పాటలు రికార్డు చేశాను. అక్కడ బాణీ కట్టేవారు ఒకరు, దానికి మాటలు రాసేవారు ఇంకొకరు. ఎవరి కుర్చీ వారిది. ఈ నలుగురి పద్ధతి మాత్రం నేనెక్కడా చూడలేదు. పాట తెచ్చినవాళ్లు ఇంట్లో పాడుకున్న డెమోను మిగతా ముగ్గురికీ ఇచ్చేసి, గదిలోంచి వెళ్లిపోవాలి. అది దేని గురించో చెప్పకూడదు. ఆ ముగ్గురూ దాన్ని కోసినా, తలకిందులు చేసినా అడ్డు రాకూడదు. పని అయ్యాక తిరిగొచ్చి, కొత్త రూపాన్ని ముందుగా వినకుండానే, రికార్డింగ్ నడుస్తుండగా తమ వాద్యంతో అందులో కలవాలి. చోటు దొరికితే ఆ పాట నలుగురిదీ, ఆల్బమ్ మీద నలుగురి పేర్లూ పడతాయి. దొరక్కపోతే దాన్ని పక్కన పెట్టేస్తారు, మళ్లీ ముట్టుకోరు.

ఇదేం చోద్యం అనుకున్నాను. తన బిడ్డను పక్కింటివాళ్లకిచ్చి, సాయంత్రం వచ్చి గుర్తుపట్టమన్నట్టుంది.

మాధవి అప్పటిదాకా ఒక్క పాటా తేలేదు. ఆ రోజు తెచ్చింది. నేను ఆమె బేస్ శబ్దం సరిచూస్తుంటే, బయటివాణ్ణి కదా అని నాకు మాత్రం తెలుగులో సంగతి చెప్పింది. ఇన్వర్‌కార్గిల్‌లో స్వప్న అనే స్నేహితురాలూ తనూ ఒకే ఫ్లాట్‌లో ఉండేవారట. గోడలు మంచుగడ్డల్లా ఉండే ఆ ఇంట్లో రోజూ ముందు లేచి టీకి నీళ్లు పెట్టేది స్వప్న. ఒక చలికాలం, మంచు పేరుకున్న రోడ్డు మీద కారు జారి ఆమె చనిపోయింది. పాట ఆమె గురించే.

"ఇది పోతే ఇగ నేను పాటలు రాయ, అంకుల్. బేస్ వాయించుకుంట ఉంట," అంది.

ఈ ఒక్కదానికీ నియమం సడలించమని అడగొచ్చు కదా అన్నాను.

"వాళ్లు గూడ గట్లనే ఇచ్చిన్రు కదా అంకుల్, వాళ్ల పాటలు," అని చెప్పి, వానలో వెళ్లి తన కారులో కూర్చుంది.

డెమోలో ఇంగ్లీషులో రెండు చరణాలున్నాయి. స్వప్న పేరు ఎత్తకుండా, చలి ఇల్లూ మంచు రోడ్డూ అంటూ చాటుగా కథంతా వాటిలోనే చెప్పింది. వాటి మధ్య ఇంగ్లీషు మాటలు కుదరని చోట, తర్వాత మార్చుకుందామని ఒక తెలుగు ముక్క పాడి వదిలేసింది: "నీళ్లు కాగినయే, రా." స్వప్న పొద్దున్నే వంటింట్లోంచి పిలిచే పిలుపు అది.

ముగ్గురూ డెమోను మళ్లీ మళ్లీ విన్నారు. క్రెయిగ్ మొట్టమొదట చేసిన పని రెండు చరణాలనూ తీసేయడం. మిగతా ఇద్దరూ తలూపారు. నా ప్రాణం ఉసూరుమంది. గదిలోవాళ్లతో మాట్లాడే మీట మీద వేలు పెట్టాను కూడా. అంతలో హేమీయే అద్దం వైపు తిరిగి, మీ భాషలో ఉన్న ఆ ముక్కకు అర్థమేమిటని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు లూసీ ఆపింది. మీరు చెబితే మాధవిని అడిగినట్టే అవుతుంది, వద్దంది. లోపల ఉడికిపోతూ మీట మీంచి వేలు తీసేశాను.

మధ్యాహ్నం దాటాక లూసీ నన్ను పిలిచి, మాధవి స్టూలు దగ్గర పాటకు వాడే మైకు ఒకటి పెట్టమంది. ఆమె పాడదు కదా అన్నాను. పెట్టండి అంది. పెట్టాను.

మాధవి వచ్చి బేస్ తగిలించుకుంది. రికార్డింగ్ మొదలైందని ఎర్రదీపం వెలిగించాను. క్రెయిగ్ గిటార్ మొదలుపెట్టాడు. డెమోలో ఉన్న రాగమే, కానీ బాగా నెమ్మదించింది. లూసీ మాటల్లేకుండా గొంతు కలిపింది. మాధవి తీగల మీద చెయ్యి పెట్టింది, వాయించలేదు. తన చరణం కోసం వెతుక్కుంటోందని నాకు తెలుస్తోంది. అది ఇక రాదని కూడా తెలుసు. పాట పోయిందనే అనుకున్నాను.

అప్పుడు ముగ్గురూ ఒక్కసారిగా ఆగిపోయారు.

మాధవి ఎదురుగా ఉన్న మైకు వంక చూసింది. తీగల మీంచి చెయ్యి తీసి, మామూలుగా పిలిచినట్టే పాడింది: "నీళ్లు కాగినయే, రా."

ఎవరూ వాయించలేదు. ఆ నిశ్శబ్దం సాగుతూనే ఉంది. ఇన్నేళ్ల వృత్తిలో అంత నిండుగా ఉన్న నిశ్శబ్దాన్ని నేను రికార్డు చేయలేదు. తర్వాత మాధవే బేస్ మీద ఒక్క స్వరం మోగించింది. దాని వెనక మిగతా ముగ్గురూ వచ్చారు. మళ్లీ వాయించాల్సిన అవసరం రాలేదు.

దీపం ఆర్పాక నియమం తీరిపోయింది కాబట్టి, హేమీ ఆమెనే అర్థం అడిగాడు. చెప్పింది. స్వప్న గురించి కూడా చెప్పింది. అతను డ్రమ్ము మీద అరచెయ్యి ఆనించి, మాటలు తెలియకపోయినా ఎవరినో పిలుస్తున్నావని అర్థమైంది, అందుకే జవాబు రావాల్సిన చోట మేమేమీ వాయించలేదు అన్నాడు.

ఆ ముగ్గురికీ తెలుగు రాదు, స్వప్న ఎవరో తెలియదు. కథ మొత్తం తీసేసి, దాని ప్రాణమున్న ఒక్క ముక్కనే పట్టుకున్నారు. ఎలా పట్టుకున్నారో నాకిప్పటికీ అంతుపట్టదు.

ఆల్బమ్‌కు తుది మెరుగులు దిద్దేవాళ్లు, ఆ ఖాళీ మరీ పొడుగైంది, కొంచెం తగ్గించమన్నారు. నేను ఒప్పుకోలేదు. ఖాళీ కనబడితే పూడ్చేయడం మా వృత్తిలో అలవాటు. ఆ తర్వాత పదవీ విరమణ దాకా, ఏ పాటలో ఖాళీ కనబడినా, పూడ్చే ముందు అది ఎవరి కోసం వదిలారో అడిగేవాణ్ణి.