నలభై గళ్ల నిశ్శబ్దం

నిన్న డైరీల అల్మారా సర్దుతుంటే ఒక చేతిరుమాలు మూట దొరికింది. విప్పగానే ఇత్తడి, పాత నూనె కలిసిన వాసన. శామ్యూల్ మాస్టారి ట్రంపెట్ మౌత్‌పీస్ అది. పెదవులకు ఆనించుకుంటే అదే చల్లదనం.

మాస్టారు ముప్పై ఏళ్లపాటు సికింద్రాబాద్‌లోని ఒక వాద్యబృందంలో మొదటి ట్రంపెట్ వాయించారు. సాయంత్రాలు బోయిన్‌పల్లిలోని తన ఇంట్లో పాఠాలు చెప్పేవారు. నేను ఆఫీసు నుంచి నేరుగా సైకిలు మీద వెళ్లే గుమాస్తాను. మొదటి నెల నన్ను వాద్యం ముట్టనివ్వలేదు. స్వరాల కాగితంలోని ఖాళీ గళ్లను, అంటే ఊదకుండా ఆగాల్సిన తాళపు గళ్లను, వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టించారు. "ఊదుడు ఆరు నెలల్ల వస్తది ప్రకాశం. ఆగుడే జల్ది రాదు. నలభై గళ్లు కూసునుడు, రెండు గళ్లు ఊదుడు, గదే మన నౌకరి" అని నవ్వేవారు.

నాలుగేళ్లకు బృందంలో తన పక్కనే రెండో ట్రంపెట్ కుర్చీ ఇప్పించారు. అప్పటికే, ట్రంపెట్ ఊదడానికి ఆధారమైన ఆయన ముందుపళ్లు కదులుతున్నాయి. "ఇంకొక్క తప్పు దొర్లితే మీ కుర్చీ ఖాళీ చేయాలి" అని బృంద నాయకుడు అందరి ముందే ఆయనతో అన్నాడు.

క్రిస్మస్ కచేరీలో మా ఇద్దరికీ నలభై గళ్ల ఖాళీ వచ్చింది. ప్రేక్షకుల్లో మూడో వరుసలో నా భార్య కనబడింది. ఒక కణుపు తప్పి, ఒక గడి ముందే ఊదేశాను. ఆ మరుక్షణమే మాస్టారి ట్రంపెట్ నాతో కలిసింది. కచేరీ అయ్యాక నాయకుడు మండిపడితే, "నేనే లెక్క తప్పిన. ప్రకాశం నన్ను చూసి ఊదిండు" అన్నారు. నేను తల వంచుకుని ట్రంపెట్ తుడుచుకున్నాను. ఆ రోజు డైరీలో 'కచేరీ బాగా జరిగింది' అని రాసుకున్నాను. ఆ పేజీ ఇప్పటికీ దిద్దలేదు.

మరుసటి వారం ఆయన కుర్చీ పోయింది. ఆయన ఇంటికి పరుగెత్తాను.

"తప్పు నాది కదా సార్. మీరెందుకు ఊదారు?"

"నాకు తెల్వదా? పక్కనే కూసున్న గదా. పెండ్లాన్ని చూసినవ్, లెక్క మరిచినవ్. ఒక్కడు ఊదితే తప్పంటరు. ఇద్దరు ఊదితే గట్లనే రాసి ఉందేమో అనుకుంటరు."

"నేను వెళ్లి నిజం చెప్పేస్తాను."

"చెప్తే రెండు కుర్చీలు పోతయి. నా పళ్లు ఇంకో పండుగ దాక ఆగవు. పరేషాన్ గాకు, చాయ్ తాగు" అని ఈ మౌత్‌పీస్ నా చేతిలో పెట్టారు.

ఈ ఉదయం చర్చిలో నా పక్కన కూర్చున్న పెద్దాయన, ఈమధ్యే భార్యను పోగొట్టుకున్నవాడు, చరణం మొదలవకముందే పాట ఎత్తుకున్నాడు. ముందు వరుసల్లో తలలు వెనక్కి తిరిగాయి. వేళ్ల కణుపుల మీద నా లెక్క సరిగ్గానే ఉంది. అయినా ఆయనతో గొంతు కలిపాను.