టీవీకి పెట్టిన బొట్టు

మొన్న కావలి బస్టాండులో కూర్చుని ఉంటే, పక్కనావిడ ఫోనులోంచి పాత సీరియల్ పాట వినిపించింది. నా చిన్నప్పుడు సగంలో ఆగిపోయిన కథ మళ్లీ మొదలైందట. ఆనాడు అలిగి పుట్టింటికి పోయిన పెద్దకోడలు, ఇప్పుడు నెరిసిన జుట్టుతో అత్తగారి వాకిట్లో నిలబడి ఉంది.

మా నాన్నది చేపల వేట. ఎండాకాలం వేట నిషేధం పెడితే రెండు నెలలు పడవలన్నీ ఇసుకలోనే. ఆ రోజుల్లోనే సీరియల్ కూడా ఆగింది. మా జేజి, అంటే నాన్నమ్మ, దిగులుగా టీవీ వైపు చూస్తుంటే నేనే ధైర్యం చెప్పాను.

"వాళ్లకీ నిషేధమే జేజీ. మన పడవలు కదిలినాక వస్తాది."

"అంతేలే పాపా."

నిషేధం తీరిన రోజు నాన్న పడవకు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. నేను పట్టుబడితే జేజి టీవీకీ బొట్టు పెట్టి, దాని ముందు ఇంకో కాయ కొట్టింది. కొబ్బరినీళ్లు బల్ల కిందికి పారాయి. సాయంత్రం అదే వేళకు వేరే సీరియల్ వచ్చింది.

జేజి నా మొహం చూసి, "వాళ్ల పడవ ఇంకా మరమ్మతులో ఉండాదేమోలే" అంది.

చాలా ఏళ్లకు అమ్మ చెప్పింది: "అది ఇంక రాదని ఆమెకు ముందే తెలుసు. నువ్వు ఏడుస్తావనే కాయ కొట్టినాది."

నేనే జేజిని ఓదారుస్తున్నానని అన్నాళ్లూ అనుకున్నాను.

ఇప్పుడు జేజి లేదు. నా బస్సు వచ్చినా లేవలేదు. ఆ కోడలు గడప దాటేదాకా పక్కనావిడ భుజం మీదుగా చూస్తూనే ఉన్నాను.

మరమ్మతు అయిపోయింది జేజీ.