ఇరవై నాలుగో జత

దగ్గరికి జరిగి కూర్చోండి. గోడకు ఆనుకుంటే ఆనుకోండి. చెప్పులు మాత్రం బయట వదలొద్దు, లోపలికి తెచ్చి ఆ మూలన పెట్టుకోండి. మా ఇంట్లో అది పద్ధతి. ఎందుకో చెప్పడానికే ఇదంతా.

నేను పదిహేడేళ్లు సైన్యంలో చేసి హవల్దారుగా దిగినవాణ్ని. చదివింది ఏడో తరగతి. మాది కోసిగి పక్క పల్లె. మిలిటరీ సంగతులు చెప్పమని అడిగినవాళ్లంతా మంచు కొండల గురించే వినాలనుకుంటారు. అక్కడ చలికి కాలి వేళ్లు రెండు పోయాయి. అయినా అక్కడ నాకు నిద్ర పట్టింది. నిద్ర పట్టనివ్వని డ్యూటీ కడప జిల్లాలో, యూనిఫారం విప్పేశాక పడింది.

ఫిబ్రవరి నెల, సోమవారం. ఉదయం పది నలభైకి వేంపల్లె వైపు నుంచి వచ్చిన జీపు నన్ను ఆ ఊళ్లో దింపింది. ఊరి పేరు చెప్పను. అక్కడివాళ్లు ఇంకా అక్కడే బతుకుతున్నారు. తారురోడ్డు దిగాక నాలుగు కిలోమీటర్ల మట్టిబాట. రెండు పక్కలా నాపరాళ్ల గుట్టలు, ఎండిన వేరుశనగ చేలు, తుమ్మచెట్లు. గాలి లేదు. నా దగ్గర కిట్ బ్యాగు, దుప్పటి, నీళ్ల సీసా, టార్చి, పాత బూట్లు, ఒక రాత అట్ట, రెండు కట్టల ఫారాలు. ఆయుధం లేదు. ఆయుధం లేకుండా డ్యూటీలో దిగడం నాకు అదే మొదలు.

ఊళ్లో రెండు వీధులు. పైవీధి, కిందవీధి. మధ్యలో కూలిన మిద్దెలు, వాటి గోడల మీద బాంబుల మసి. రెండు వైపులా మనుషులు చచ్చారు. కిందవీధిలో ఎక్కువ. మిగిలినవాళ్లు ఊరు విడిచి ఐదేళ్లు ఎక్కడెక్కడో బతికారు. తర్వాత రాజీ అయింది. ఒక పథకం వచ్చి మిద్దెలు కప్పించింది, కుట్టుమిషన్లు, బర్రెలు ఇచ్చింది, రెండు వీధులకూ మధ్యన బోరు వేసింది, కిందవీధిలో ఇరవై ఎనిమిది ఇళ్లవాళ్లను తిరిగి తెచ్చి కూర్చోబెట్టింది. ఊరు నిజంగా కుదుటపడుతోందా లేదా అని చూసి పదిహేను రోజులకొకసారి రాయడం నా పని. ఆ కాగితం నకలు పోలీసు ఆఫీసుకూ పోయేది. ఏ వీధికీ బంధువు కానివాడు, ఊళ్లోనే పడుకునేవాడు కావాలని మిలిటరీవాణ్ని పెట్టుకున్నారు.

పశువుల ఆసుపత్రి గది నాకిచ్చారు. ఎదురుగా పోలీసు పికెట్. ఇసుక మూటలు, ఒక వైర్‌లెస్ సెట్టు, ఒక హెడ్‌కానిస్టేబుల్, నలుగురు కానిస్టేబుళ్లు. హెడ్డుది నందికొట్కూరు. నన్ను చూడగానే అడిగాడు.

"ఏమప్పా, తుపాకీ యాడ పెట్టినావు?"

"పెన్సిలిచ్చినారు."

"అయితే మేం నిన్ను కాపాడల్లనా, నువ్వు మమ్మల్నా?"

ఫారంలో తొమ్మిదో ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యమని ఆ పథకం నడిపే మేడం చెప్పింది. ఆమె నెలకొకసారి కడప నుంచి జీపులో వచ్చేది. "మగవాళ్లు తమ ఇళ్లలో నిద్రిస్తున్నారా?" అదీ ప్రశ్న. పగ ఉన్న ఊళ్లో మగవాడు సొంతింట్లో పడుకోడు. ఆడవాళ్ల జోలికి ఎవరూ పోరు కాబట్టి నీళ్లకైనా, అంగడికైనా, కోర్టుకైనా వాళ్లే పోతారు. మగవాడు చెప్పులు విడిచి ఇంట్లో పడుకున్నాడంటే భయం పోయినట్టే.

అడిగితే అందరిదీ ఒకటే మాట. "ఉండారప్పా, అందురూ బాగుండారు." రెండు వారాలు అదే విన్నాను. నమ్మబుద్ధి కాలేదు. మంచు కొండల్లో మేం బంకరు బయట విడిచిన బూట్లు లెక్కపెట్టి లోపల ఎంతమంది ఉన్నారో చెప్పేవాళ్లం. ఆ ఉపాయం గుర్తొచ్చింది. ఉదయం ఐదున్నరకు, ఆడవాళ్లు వాకిలి ఊడ్చకముందే, కిందవీధి ఆ చివర నుంచి ఈ చివరకు నడిచాను. గడప బయట మగ చెప్పులున్న ఇళ్లు ఆరు. ఆరు అని రాశాను.

మేడం సంబరపడింది. "మనుషులు అబద్ధం చెప్పొచ్చు, చెప్పులు చెప్పవు కదా" అంది. మిగతా ఊళ్లలోనూ ఇలాగే చూడమంటానంది. నాకు గర్వంగా ఉండేది. ఏడో తరగతివాడి ఉపాయం ఆఫీసు ఎక్కింది.

తర్వాతి లెక్క పదకొండు. ఆ తర్వాత పదిహేడు.

కిందవీధిలో ఓబులమ్మ నన్ను మొదటి నుంచీ కనిపెడుతూనే ఉంది. యాభై ఏళ్ల మనిషి. భర్తను ఆరేళ్ల కింద చంపారు. ఒక్కడే కొడుకు, రమణ. వేంపల్లెలో బండలు పాలిష్ చేసే చోట పని. ఆమె గడప బయట ఒక జత కిర్రుచెప్పులుండేవి. ఆముదం పట్టించినట్టు నల్లగా మెరిసేవి.

"ఏమప్పా మిలిటరీ, పొద్దున్నే మా వాకిట్లో ఏం ఎతుకుతాండావు?" అంది ఒకరోజు.

"ఏం లేదక్కా. కొడుకొచ్చినట్టుండాడే?"

ఆమె చెప్పుల వైపు చూసింది, నా వైపు చూసింది. "వచ్చినాడు, పోయినాడు. సంగటి తింటావా? నీ మొగం చూస్తే వారం నుంచి ఉడుకన్నం ఎరగనట్టుండాది."

సంగటి, ఊరిమిండి పచ్చడి పెట్టింది. ఆనాటి నుంచి రెండు రోజులకొకసారి పెట్టేది. పెడుతూ తిట్టేది. "సర్కారోళ్లు నీకు ఫారాలిచ్చినారు గానీ, ఒక చట్టి ఇయ్యలేదే!"

మే నెల చివర తెల్లవారుతుండగా వాన పడింది. గొడుగు లేదు, తడుస్తూనే నడిచాను. వీధంతా చెప్పులు వానలో నానుతున్నాయి. ఒక్క ఇంట్లోంచీ ఒక్క చేయి బయటికి వచ్చి వాటిని లోపలికి లాగలేదు. నేను ఏమనుకున్నానో తెలుసా? మగవాళ్లు నిశ్చింతగా, గాఢంగా నిద్రపోతున్నారనుకున్నాను. పదిహేడేళ్లు నేల చూసి నడిచిన మనిషిని నేను. ఆ వాకిళ్లలో మగ అడుగుజాడ ఒక్కటైనా ఉందా అని ఆ రోజు చూడలేదు. ఇరవై మూడు అని రాసి పంపాను.

ఆ గురువారం కూరగాయలకు వేంపల్లె పోయాను. రమణ పనిచేసే చోటికి వెళ్లాను. ఎవరూ వెళ్లమనలేదు. సంగటి పెట్టిన మనిషికి ఏదైనా మేలు చేయాలనిపించింది. ఇరవై ఎనిమిదేళ్లవాడు, ఒళ్లంతా రాతి పొడి.

"ఊరు బాగుపడిందప్పా," అన్నాను. "ఇరవై మూడిళ్లల్లో మగోళ్లు పడుకుంటాండారు. మీయమ్మ ఒంటరిగా ఉండాది. వాన పడింది, చేను ఊరికే ఉండాది."

"నిజమేనా సార్? మా యమ్మ రావద్దంటాదే ఎప్పుడూ."

"అమ్మలు అట్లే అంటారు. లెక్క నేను రాసినా. నా మాట నమ్ము."

వచ్చే బుధవారం సాయంత్రం బస్సుకు వస్తానన్నాడు. మరి ఓబులమ్మ గడప బయటి చెప్పులు ఎవరివని అప్పుడైనా నాకు తట్టలేదు.

బుధవారం ఉదయం పదకొండుకు పికెట్ సెట్టు పలికింది. నేను అక్కడే టీ తాగుతున్నాను.

"పికెట్, కంట్రోల్. పికెట్ ఎత్తేయమని ఆర్డరు. ఊరు మామూలుగా ఉందని రిపోర్టు. నాలుగు గంటలకు లారీ. ఓవర్."

కానిస్టేబుళ్లు కేకలేశారు. ఇళ్లకు పోతామని సంతోషం. హెడ్డు నా వీపు చరిచాడు. "నీ చెప్పుల పున్నెమేనప్పా!"

కబురు పావుగంటలో కిందవీధికి పాకింది. ఓబులమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆమె వెనక పదిమంది ఆడవాళ్లు.

"ఎవురు చెప్పినారు మా ఇండ్లల్లో మగోళ్లుండారని?" హెడ్డును అడిగింది.

హెడ్డు నన్ను చూపించాడు.

"నేనేనక్కా. చెప్పులు చూసి రాసినా."

ఆమె ఇసుక మూట పక్కన నేల మీద కూలబడింది. "అవి చచ్చినోళ్ల చెప్పులప్పా."

కొంగుతో మొహం తుడుచుకుని చెప్పుకొచ్చింది.

"మొగుడు చస్తే చెప్పులు పారేస్తారు. మేం పారేయలేదు. గడప బయట మగ చెప్పులుంటే పైవీధోళ్లు ఇంట్లో మగోడుండాడనుకోని ఇల్లూ చేనూ ఆక్రమించుకోరని పెట్టుకుంటాండాం. ఒకరిని చూసి ఒకరం. ఒక్కోరోజు ముందుకు, ఒక్కోరోజు వెనక్కి తిప్పి పెడతాం, తొడుక్కున్నట్టు ఉండల్లని."

"నాకొక్క మాట చెప్పకపోతివే అక్కా!"

"నువ్వు మంచోడివే. నువ్వు రాసే కాయితం ఆపీసుకు పోతాది. ఆపీసులో ఎవురి బంధువులు ఎవురుండారో నీకు తెలుసునా?"

ఆమెతో పాటు ఇల్లిల్లూ తిరిగాను. ఈసారి తలుపులు తెరిచి లోపల చూపించారు. ఇరవై మూడు ఇళ్లలో మగవాళ్లున్నవి నాలుగు. వాళ్లలో ఇద్దరు మంచం దిగలేని ముసలివాళ్లు. పన్నెండున్నరకు తిరిగి వచ్చి హెడ్డు కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. అతను సెట్టు అందుకున్నాడు.

"కంట్రోల్, పికెట్. ఈడ లెక్క తప్పు పడింది. మగోళ్లు నలుగురే. ఓవర్."

"లెక్క రాసిందెవరు? ఓవర్."

"రాసినోడే చెప్తాండాడు. ఓవర్."

కాసేపు గరగర శబ్దం.

"కాగితం పైకి పోయింది. మార్పు ఉంటే వచ్చే ఫారంలో రాయమనండి. నాలుగుకే లారీ. ఓవర్."

హెడ్డు సెట్టు కింద పెట్టాడు. "నేను చెప్పినా అప్పా. నువ్వూ విన్నావు" అన్నాడు. నవ్వడం లేదు.

అప్పుడు గుర్తొచ్చింది, ఆ రోజు బుధవారమని. ఓబులమ్మతో చెప్పక తప్పలేదు. తల వంచుకుని చెప్పాను. ఆమె నన్ను కొడుతుందనుకున్నాను.

"నిన్ను నేనడిగినానా?" అంది, మెల్లగా. "వాని నాయనను చంపినోళ్లకు వాడు పగ తీర్చుకుంటాడని భయం. ఆరేండ్లు వాని నీడ ఈ ఊరి మీద పడనీలేదు నేను. నిన్నడిగినానా తమ్ముడా?"

ఊళ్లో సెల్‌ఫోన్‌కు సిగ్నల్ లేదు. పికెట్ సెట్టుతో వేంపల్లె స్టేషన్‌కు చెప్పించాం. మనిషిని పంపితే, రమణ మధ్యాహ్నమే పని దిగి వెళ్లిపోయాడని కబురొచ్చింది. ఎటు పోయాడో ఎవరికీ తెలియదు. ఇక మిగిలింది తారురోడ్డు మీద బస్సు దగ్గర ఆపడమే. నాలుగుకు పికెట్ మూటలు లారీ ఎక్కాయి. నేనూ ఎక్కాను. హెడ్డు నన్ను తారురోడ్డు దగ్గర దింపి తన లాఠీ చేతిలో పెట్టాడు. "ఇదొక్కటే నీకియ్యగలిగేది" అన్నాడు. టైము నాలుగు ఇరవై.

గంటా ఇరవై నిమిషాలు ఆ రోడ్డు పక్కన నిలబడ్డాను. మంచులో పహరా కాసిన రాత్రులు దాని ముందు చిన్నవి. ఐదు నలభైకి బస్సొచ్చింది. ముగ్గురు దిగారు. రమణ లేడు. ప్రాణం లేచొచ్చింది. రాలేదనుకున్నాను. అయినా కండక్టరును అడిగాను.

"ఎర్ర చొక్కా, వేంపల్లెలో ఎక్కినోడా? వెనక వంక కాడ దిగినాడు కదప్పా. చేను చూసుకోని అడ్డదారిన పోతానన్నాడు."

ఆ వంక, చిన్న వాగు, అక్కడికి రెండు కిలోమీటర్లు. పరుగెత్తాను. రెండు వేళ్లు లేని కాలితో, మిలిటరీ బూట్లతో, బతుకులో అంత పరుగు ఎప్పుడూ తీయలేదు. ఇంకా ఎండ ఉంది. చేలన్నీ బంగారు రంగులో ఉన్నాయి.

ముందు చెప్పులు కనిపించాయి. కొత్తవి, గోధుమ రంగువి. గట్టు మీద పక్కపక్కన, సరిగ్గా విడిచి ఉన్నాయి. మన రైతు చెప్పులతో చేన్లోకి దిగడు. ఆరేళ్ల తర్వాత సొంత చేన్లో కాలు పెట్టడానికి వాడు విడిచాడు. గట్టు నుంచి వాడి అడుగులు ముందు రాత్రి వానకు తడిసిన మట్టిలో స్పష్టంగా పడ్డాయి. ఈసారి నేల చూశాను. ముప్పై అడుగులు. ఆ తర్వాత వేరే కాళ్ల గుర్తులు, చాలా. ఆపైన రమణ. పిలిచాను. పలకలేదు. చేతిలో గుప్పెడు మట్టి అలాగే ఉంది.

లారీ వెళ్లడాన్ని నాతో పాటు ఇంకెవరో చూశారు. అంతే.

చెప్పులు తీసుకెళ్లి ఓబులమ్మ చేతికిచ్చాను. ఇవ్వడానికి నా దగ్గర ఇంకేమీ లేదు. ఆమె ఏడుపు గురించి మీకు చెప్పను.

రాత్రికల్లా పోలీసులు దిగారు. రమణను పోస్టుమార్టానికి తీసుకెళ్లారు. మరునాడు ఐదున్నరకు నా కాళ్లు వాటంతటవే కిందవీధికి నడిచాయి. ఆ ఇరవై మూడు గడపల ముందూ ఎప్పటిలాగే ఒక్కో జత ఉంది. ఓబులమ్మ గడప ముందు కిర్రుచెప్పుల పక్కన గోధుమ రంగు చెప్పులు. మట్టి తుడిచి, ముందుకు తిప్పి పెట్టి ఉన్నాయి. వద్దనుకుంటూనే నా నోరు జతలు లెక్కపెట్టింది. ఇరవై నాలుగు. లెక్క ఒకటి పెరిగింది.

తలుపు వారగా ఉంది. లోపలి నుంచి ఆమె గొంతు. "రాసుకో అప్పా. మా ఇంట్లో ఇద్దరు మగోళ్లు."

మూడో రోజు పికెట్ తిరిగొచ్చింది. మేడం వచ్చింది. చివరి ఫారంలో తొమ్మిదో ప్రశ్నకు నాలుగు అని రాసి సంతకం చేశాను. మిగతా ఊళ్లలో చెప్పులు లెక్కపెట్టడం ఈ రోజే ఆపించమని బతిమాలాను. ఆమె కళ్లనీళ్లు తుడుచుకుని ఫారం తీసుకుంది. ఆపించిందో లేదో నాకు తెలియదు. ఆ సాయంత్రమే వేంపల్లె బస్సెక్కాను. మరునాడు ఉదయం తొమ్మిదికి కోసిగి స్టేషన్‌లో రైలు దిగి, మైలున్నర నడిచి ఇంటికొచ్చాను. గడప బయట బూట్లు విప్పబోయి ఆగిపోయాను. చేత్తో పట్టుకుని లోపలికొచ్చాను. ఆ మూలన పెట్టాను.

ఇన్నేళ్లయింది. ఎవరింటికి పోయినా ముందు నా చూపు గడప బయటే పడుతుంది. కిర్రుచెప్పుల పక్కన గోధుమ రంగు జత అక్కడ ఉంటుంది.

మీ చెప్పులు తెచ్చుకున్నారు కదా. సరే, పొద్దెక్కింది, పోయి రండి. మీ వాకిట్లో ఎన్ని జతలు విడిచి ఉంటాయో, మీ ఇంట్లో అన్ని జతల కాళ్లు ఎప్పుడూ చల్లగా తిరుగుతూ ఉండాలి. వాన పడినప్పుడు చెప్పులు లోపలికి తీసుకోవడానికి మీ ఇంట్లో ఒక చేయి ఎప్పుడూ ఉండాలి.