ఇసుకలో నాలుగు డేరాలు

మూడోసారి కూడా మేకు ఊడి వచ్చింది. డేరా ఒక మూల లేచి టపటపా కొట్టుకుంటుంటే జర్మనీ అబ్బాయి దాని మీద పడి పట్టుకున్నాడు, మళ్ళీ సుత్తి అందుకున్నాడు. ఇంకా లోతుగా దిగ్గొడితే నిలుస్తుందని అతని నమ్మకం. కింద ఎంత లోతుకు పోయినా ఇసుకే.

ఆస్ట్రేలియా తూర్పు తీరానికి అవతల ఉన్న దీవి అది. మట్టి అనేదే కనపడదు, అడవి కూడా ఇసుకలోంచే లేచింది. వీపు సంచీలతో దేశం తిరిగే ఎనిమిది మందిమి హాస్టల్లో పేర్లు రాయించుకుని, ఒక గైడుతో కలిసి, రెండు రాత్రులు డేరాల్లో ఉండటానికి వచ్చాం. గైడు యాభై ఏళ్ళ ఆడమనిషి, చెప్పులు వేసుకోదు, మాట తక్కువ. మమ్మల్ని మధ్యాహ్నం దింపిన పడవ ఐదింటికి ఒక్క పూట చూసిపోయే యాత్రికులను తీసుకుపోవడానికి మళ్ళీ వస్తుందనీ, రాత్రికి గాలి పెరుగుతుందని కబురు అందిందనీ చెప్పింది. "ఐదింటికి నాలుగు డేరాలూ గట్టిగా నిలబడితే ఉంటాం. లేకపోతే అందరూ పడవెక్కాల్సిందే" అంది.

మిగతా ఏడుగురికీ అదేమంత కష్టం కాదు. ఉద్యోగాలు మానేసి ఏడాది పాటు తిరగడానికి వచ్చినవాళ్ళు, వచ్చే వారం మళ్ళీ రాగలరు. నేను నరసరావుపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. ఎండాకాలం సెలవుల్లో పదిహేను రోజులు, ముప్పై నాలుగేళ్ళకి మొదటిసారి ఒంటరి ప్రయాణం. ఇవాళ్టికి నాలుగో రోజున నా తిరుగు విమానం. ఈ దీవి ఫొటో రెండేళ్ళుగా నా ఫోనులో ఉంది. పడవెక్కితే మళ్ళీ రావడం జరగని పని.

ఒళ్ళు మండింది. గాలి మీద కాదు, నా మీద. పొద్దున పరిచయాలప్పుడు డేరాల్లో ఎప్పుడైనా ఉన్నావా అని గైడు అడిగితే లేదన్నాను. అబద్ధమేమీ కాదు, డేరాలో ఎన్నడూ పడుకోలేదు. దాంతో నన్ను వంటసామాన్ల దగ్గర కూచోబెట్టారు. చిన్నప్పటి నుంచీ తెలిసిన పనిని ఇంకొకరు చెడగొడుతుంటే, ఉల్లిపాయలు తరుగుతూ చూస్తున్నాను.

మాది టెంటు హౌస్. పెళ్ళిళ్ళకూ మీటింగులకూ చావులకూ షామియానాలు వేస్తాం. ఇంట్లో తెలుగే మాట్లాడే సాయిబులం. ఈద్గాలో నీడ పట్టిన బట్టే వారం తిరక్కుండా కొండ కింద తిరునాళ్ళకు పోయేది. ఆదివారాలు బట్టల మూటల మీద కూచుని నాన్నతో లారీలో వెళ్ళేదాన్ని. పెద్దమనిషినయ్యాక అమ్మ మాన్పించింది గానీ, అప్పటికే గుంజ ఎత్తడం, ముడి వేయడం వచ్చేశాయి. కృష్ణ ఒడ్డున ఇసుక తిన్నెల మీద పందిరి వేయాల్సి వస్తే నాన్న మేకుల సంచి లారీలోంచి దించేవాడే కాదు.

"ఇసకలో మేకు నిలవదే. గోతాంలో ఇసక పోసి పాతిపెట్టు. బరువు మీద బరువు కూచుంటే ఎద్దు లాగినా రాదు" అనేవాడు.

కత్తి పక్కన పెట్టి లేచాను. సంచుల్లో ఇసుక నింపి పాతుదాం అన్నాను. జర్మనీ అబ్బాయి మర్యాదగానే, పొడవాటి మేకులుంటే సరిపోయేదన్నాడు. లేని మేకుల గురించి వాదన ఎందుకని, నా డేరాలో ఉండబోయే ఐర్లండు అమ్మాయిని పిలుచుకుని కూరగాయల గుడ్డ సంచులు ఖాళీ చేశాను. ఇసుక నింపి, మూతి బిగించి, తాడు కట్టి, మోకాలి లోతు గుంటల్లో అడ్డంగా పడుకోబెట్టి పూడ్చాం. పైన నీళ్ళు పోసి తొక్కాం. డేరా లేచి నిలబడింది. చూశారా అన్నట్టు నడుం మీద చేతులు పెట్టుకున్నాను.

గాలి ఒక్క విసురు విసిరింది. డేరా పూరీలా పొంగింది. లోపల సామాన్లు సర్దుతున్న ఐర్లండు అమ్మాయి కెవ్వుమంది. తప్పు నాదే. మా పల్నాటి ఎండలకు ఏ షామియానా వేసినా గాలి వచ్చేవైపు తెరిచి పెడతాం, కూచున్న జనానికి చల్లగా తగలాలని. అలవాటు కొద్దీ డేరా వాకిలిని సముద్రపు గాలికి ఎదురుగా పెట్టాను. అందరూ నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి.

నవ్వనివాడు జర్మనీ అబ్బాయి ఒక్కడే. అతను తాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద కూచుని చూస్తున్నాడు. డేరా అంత పొంగినా నాలుగు తాళ్ళలో ఒక్కటి కూడా అంగుళం కదల్లేదు. రెండు చేతులా పట్టి లాగాడు, కాళ్ళు తన్నిపెట్టి లాగాడు. చివరికి సుత్తి దూరంగా పారేసి, "గుంట ఎంత లోతు తీయాలి?" అని అడిగాడు.

అక్కడి నుంచి నన్ను ఆపేవాళ్ళు లేరు. నాలుగు దాటింది. ఉన్నది ఒక్కటే పార, మిగతావాళ్ళు కంచాలతో గిన్నెలతో తవ్వారు. సంచులు చాలక దిండు గలీబులు తెచ్చారు, అవీ అయిపోతే పాత ప్యాంట్ల కాళ్ళు ముడేసి ఇసుక పోశారు. వదులుగా ఊగే తాడు చూస్తే నాకు ఇంగ్లీషు రాదు. "ఒరేయ్, ఒదలమాక, ఇంకా లాగు. ఏందే ఆ ముడి? ఇప్పి మళ్ళీ ఎయ్యి" అని తెలుగులోనే అరిచాను. ఒక్కరికీ అర్థం కాలేదు, అందరూ చేశారు. వాకిళ్ళన్నీ గాలికి అవతలి వైపు తిప్పించాను.

పడవ కూత వినపడేసరికి నాలుగో డేరా చివరి తాడు కడుతున్నాను. గైడు వచ్చి ఒక్కో తాడూ లాగి చూసింది. ఆఖరిదాన్ని పట్టుకుని తన బరువంతా వేసి వెనక్కి వాలింది. దిట్టమైన మనిషి. తాడు కిర్రుమంది గానీ సంచి రాలేదు. ఆమె నడుముకున్న రేడియో తీసి, "మేం రావడం లేదు, మీరు వెళ్ళిపోండి" అంది.

ఎనిమిది మందిమీ ఒడ్డుకు పరుగెత్తాం. పడవ వెనక్కి తిరిగి, మేమెక్కకుండానే, నురగ చిమ్ముకుంటూ వెళ్ళిపోయింది. స్టాఫ్ రూములో గట్టిగా నవ్వాలన్నా అటూ ఇటూ చూసుకునే మనిషిని, రెండు చేతులూ పైకెత్తి ఈల వేశాను. చదువులో ఫస్టు వచ్చిన ఏ ఏడూ నాకింత గర్వం కలగలేదు.

ఐర్లండు అమ్మాయి నా భుజం మీద చెయ్యి వేసి, ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావని అడిగింది.

స్కూలు ఫారాల దగ్గర్నుంచి వీసా కాగితాల దాకా, తండ్రి వృత్తి అన్న చోట నేను రాసింది బిజినెస్ అనే. చిన్నప్పుడు క్లాసులో తోటి పిల్లలు నన్ను షామియానా అని పిలిచిన రోజు నుంచీ అదే రాస్తున్నాను. నాన్న ఆ మాట చూసేవాడు, చూసే సంతకం పెట్టేవాడు.

"మా నాన్న షామియానాలు వేస్తాడు" అన్నాను. తర్వాతి మాట అంతకు ముందు ఎవరికీ చెప్పలేదు. "నేను ఆయన దగ్గర పనిచేశాను."