గుమ్మం పక్క కుర్చీ

ఆమె చేసే పనేమిటో చుట్టాల్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. "కంప్యూటర్లో ఏదో" అంటారు. కాస్త దగ్గరివాళ్ళయితే "మీటింగులకి పేర్లు రాయిస్తుంది" అంటారు. ఆ రెండోమాట పూర్తిగా తప్పేం కాదు. పాటల సంఘం, చదరంగం క్లబ్బు, నడక బృందం, కుట్టుపని నేర్పేవాళ్ళు, వినికిడి లేని పిల్లల తల్లిదండ్రులు, ఇలా ముప్ఫై మంది వస్తే పొంగిపోయే చిన్నచిన్న సంఘాలు ఉంటాయి. తమ కార్యక్రమానికి ఎవరెవరు వస్తున్నారో ముందుగా తెలుసుకోవడానికి అవి వాడే సాఫ్ట్‌వేర్ ఆమె రాసింది. ఫోన్‌కి ఒక లింకు వస్తుంది. నొక్కితే పేజీ తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్ అడగదు, పుట్టినతేదీ అడగదు. కార్యక్రమం ఏమిటో, ఎక్కడో, ఎన్నింటికో చెప్తుంది. కింద మూడు బటన్లు. వస్తాను. రాను. చూస్తాను.

ఆ మూడో బటన్ వల్లే సంఘాల్లో ఆమెకి బటనమ్మ అని పేరొచ్చింది. మొదట్లో వెనకాల అనుకునేవాళ్ళు, పోనుపోను మొహమ్మీదే అనడం మొదలుపెట్టారు. ఆమె పలికేది.

ఇలాంటి సాఫ్ట్‌వేర్లు బజార్లో బోలెడు. వాటిల్లో వస్తాను, రాను, అంతే. లెక్క తేలాలి కదా. ఆమె మాత్రం లెక్క తేలనివాళ్ళకి కూడా చోటు పెట్టింది. 'చూస్తాను' నొక్కినవాళ్ళ వెంటపడి గుర్తుచేసి విసిగించడం ఉండదు. కార్యక్రమం రోజు పొద్దున హాలు సర్దేవాళ్ళ ఫోన్‌కి ఒక ముక్క వెళ్తుంది: వచ్చేవాళ్ళ కుర్చీలు ఇన్ని, గుమ్మం పక్క కుర్చీలు ఇన్ని. గుమ్మం పక్కవి చూస్తానన్నవాళ్ళవి. ఆలస్యంగా వచ్చినా, మధ్యలో లేచి వెళ్ళాల్సి వచ్చినా ఎవరి మోకాళ్ళూ దాటక్కర్లేదు. వాళ్ళు రాకపోతే అవి ఖాళీగా ఉంటాయి. ఇంకొకర్ని కూర్చోబెట్టకూడదు.

ఇది ఆమెకి కూర్చుని ఆలోచిస్తే తట్టింది కాదు. నలభై దాటేదాకా ఆమె ఒక పెద్ద కంపెనీలో జీతాల సాఫ్ట్‌వేర్ రాసేది. అత్తగారు మెట్ల మీంచి జారిపడి మంచం పట్టడంతో ఉద్యోగం మానేసింది. కోడళ్ళు ఇద్దరు. పగళ్ళు పెద్దకోడలైన ఆమె చూసేటట్టు, సోఫాల షోరూములో పనిచేసే చిన్నకోడలు రాత్రుళ్ళు చూసేటట్టు వంతులేసుకున్నారు. మంచాన పడ్డాక అత్తగారికి పట్టుకున్న ఆయాసం వాళ్ళ వంతుల్ని ఏనాడూ లక్ష్యపెట్టలేదు. పగలు కుదుటగా ఉన్న మనిషి సాయంత్రానికి ఎగశ్వాస మొదలుపెట్టేవారు. కోడళ్ళిద్దరూ మంచానికి చెరోపక్కా చేరేవాళ్ళు.

ఆమె అప్పటికి ఎన్నో ఏళ్ళుగా పాటల సంఘంలో పాడేది. గొప్ప గొంతేం కాదు, పదిమందిలో కలిసిపోయే గొంతు. శనివారం సాధనకి వస్తున్నావా అని అప్పటి కార్యదర్శి ఫోన్ చేసేవాడు.

"చూస్తానండీ" అనేది.

"చూస్తానంటే ఎలాగమ్మా. వస్తావా రావా, ఏదో ఒకటి చెప్పు. కుర్చీలు వేయించాలి."

అత్తగారు మంచం మీంచి వినేవారు. "వస్తానని చెప్పవే. శనివారమే పోతానని నేనెవరికన్నా మాటిచ్చానా?"

ఆమె నవ్వేది. నవ్వుతూనే ఫోన్లో "రానండీ" అనేది. వస్తానని వెళ్ళకపోతే మాట తప్పినట్టవుతుందని ఆమె భయం. అలా కొన్నిసార్లు రానన్నాక ఫోన్ రావడం ఆగిపోయింది. ఎవర్నీ తప్పుపట్టడానికి లేదు. రానని చెప్పే మనిషిని ఎన్నాళ్ళని పిలుస్తారు?

అత్తగారు పోయాక ఒకరోజు ఆమె పాటల సంఘం సాధన చేసే హాలు ముందునించి వెళ్తుంటే లోపల్నించి పాట వినిపించింది. తను పాడే వరస ఇంకెవరో పాడుతున్నారు, బాగానే పాడుతున్నారు. లోపలికి వెళ్ళలేదు. ఇంటికొచ్చి కంప్యూటర్ తెరిచి ఆ మూడో బటన్ రాసింది. మిగతా సాఫ్ట్‌వేరంతా దాని చుట్టూ తర్వాత కట్టుకుంటూ వచ్చింది. అది పూర్తయ్యాక మొట్టమొదట వాడింది పాటల సంఘమే. మొట్టమొదట 'చూస్తాను' నొక్కి, గుమ్మం పక్క కుర్చీలో కూర్చుని, నెమ్మదిగా మళ్ళీ వరసలోకి చేరింది ఆమే.

చెప్పులు బాగుచేసే కొట్టు మీద ఒక గది అద్దెకి తీసుకుంది. ఎప్పుడూ జిగురు వాసన. కింద సుత్తి పడ్డప్పుడల్లా బల్ల మీది గ్లాసు వణికేది. షోరూము వాళ్ళు మనుషుల్ని తగ్గించుకున్నప్పుడు తోడికోడలు కూడా వచ్చి ఎదుటి బల్ల దగ్గర కూర్చుంది. ఒకరు రాస్తారు, ఒకరు మాట్లాడతారు. తోడికోడలికి మాట్లాడ్డం వెన్నతో పెట్టిన విద్య. కూర్చుంటే విరిగే సోఫాలు కూడా అమ్మిన మనిషి. వచ్చిన ఏడాదికే అక్షరాల సైజులు, రంగులు మార్చడం నేర్చుకుంది. తర్వాత చిన్నచిన్న మార్పులు తనే చేసేది. కొత్తది ఏది చేసినా అత్తగారి పాత ఫోన్లో తెరిచి చూడాల్సిందే. అద్దం పగిలింది, ఒక మూల నొక్కితే పలకదు. అందులో తెరుచుకుంటే ఎక్కడైనా తెరుచుకున్నట్టే. "ముసలావిడ ఒప్పుకుందా?" అని ఒకర్నొకరు అడిగేవాళ్ళు.

ఈ సంఘాల్లో చాలావాటికి చోటు ఒక్కటే హాలు. ఆ హాలు మేనేజర్ని అందరూ గంట అంటారు. టైము అయిపోగానే ఇత్తడి గంట పట్టుకుని గుమ్మంలో నిలబడి మోగిస్తాడు, పాట చరణం మధ్యలో ఉన్నా సరే. చెడ్డవాడు కాడు. గోడలకి తన చేత్తో సున్నం వేసుకునే మనిషి. ఆయనకి ఒక ఆలోచన వచ్చింది, హాలు వాడుకునే సంఘాలన్నీ ఒకే సాఫ్ట్‌వేర్ వాడాలని. తోడికోడళ్ళదే వాడతానన్నాడు. మూడో బటన్ మాత్రం తీసెయ్యాలన్నాడు.

ఆ హాలు ఒప్పందం కుదిరితే ఇద్దరూ నిలదొక్కుకుంటారు. కుదరకపోతే ఉన్న సంఘాలు కూడా హాలు వెంట పోతాయి, దుకాణం కట్టేసుకోవాలి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"తియ్యను" అంది ఆమె.

"నువ్వు నోరు విప్పకక్కా, నేను మాట్లాడొస్తా" అంది తోడికోడలు.

వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చింది. "ఒప్పుకున్నాడు. బటన్ ఉంటుంది."

ఆమె ఇంక గుచ్చిగుచ్చి అడగలేదు. అడగాల్సిందని తర్వాత అనుకుంది. మనకి కావలసిన కబురు తెచ్చినవాళ్ళని ఎవరూ గుచ్చిగుచ్చి అడగరు.

కొన్ని వారాలు పోయాక ఒక పొద్దున బేకరీకి వెళ్ళింది. ఆ బేకరీ ఆయన పాటల సంఘంలో కింది స్వరం పాడతాడు. బావిలోంచి వచ్చినట్టుంటుంది గొంతు. ఆయన భార్యకి కిడ్నీలు పనిచెయ్యవు. ఆవిడకి ఏ రోజు ఎలా ఉంటుందో ఆ రోజు తెల్లారితే గానీ తెలియదు. అందుకని ఆయన ఎప్పుడూ చూస్తాననే నొక్కుతాడు.

"మొన్న శనివారం కనపళ్ళేదేం?" అంది ఆమె.

"వచ్చానమ్మా."

"వస్తే నేను చూడనా?"

"గుమ్మం దాకా వచ్చా. అక్కడున్నమ్మాయి ఫోన్లో చూసి, మీరు రానన్నారు కదండీ, కుర్చీ వెయ్యలేదు అంది. లోపల కిక్కిరిసి ఉన్నారు. సరేనని వెనక్కొచ్చా. రానని నేనెప్పుడన్నానబ్బా అని దారిపొడుగునా ఆలోచించా." బ్రెడ్డు కాగితంలో చుడుతూ ఆయన నవ్వాడు. "అనే ఉంటాలెండి. మా ఆవిడ మందుల మత్తు ఈ మధ్య నాకూ ఎక్కుతోంది. అందుకే ఈసారి ముందే రాను నొక్కేశా. మీ యంత్రాన్ని కష్టపెట్టడమెందుకు?"

ఆమె బ్రెడ్డు అక్కడే వదిలేసి వచ్చేసింది.

గది మెట్లెక్కి కంప్యూటర్ తెరిచింది. వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. ఒక్కటే లైను. కార్యక్రమానికి ముందురోజు మధ్యాహ్నం కాగానే చూస్తానులన్నీ రానులైపోతున్నాయి. బటన్ ఎక్కడిదక్కడే ఉంది, ఎప్పట్లాగే గుండ్రంగా. తోడికోడలు టీ ఫ్లాస్కు పట్టుకుని అప్పుడే లోపలికొచ్చింది. అక్క మొహం చూసి ఫ్లాస్కు కింద పెట్టింది.

"నువ్వేనా?"

"ఒక్క లైనక్కా. బటన్ తియ్యలేదుగా."

"తీసేసినా బావుండేది. ఆయన అనని మాట ఆయన నోట్లో పెట్టావు. పాపం, తనే అన్నాననుకుంటున్నాడు."

"గంటాయన ఇంకెలాగూ ఒప్పుకోలేదు. హాలు పోతే ఈ గది పోతుంది. గది పోతే నువ్వు ఇంట్లో కూర్చుని పాటలు పాడుకుంటావు. నేను వెళ్ళి మళ్ళీ సోఫాలమ్ముకోవాలి."

"అత్తగారి దగ్గర కూర్చున్నదానివేనా నువ్వు?"

ఆ మాట పడాల్సిన చోటే పడింది. తోడికోడలు ఫ్లాస్కు పక్కకి జరిపింది. "రాత్రుళ్ళు కూర్చుంది నేను. నీకన్నా ఎక్కువే కూర్చున్నా. తెలీక చేశాననుకోకు, తెలిసే చేశా. మనకి జరిగింది, వాళ్ళకీ జరుగుతుంది, అందరికీ ఒకనాటికి జరుగుతుంది. దానికోసం మనం మునిగిపోవాలా అక్కా?"

ఆమె కుర్చీ ముందుకి లాక్కుని ఆ లైను చెరిపేసింది. పాత ఫోన్లో తెరిచి చూసింది. చూస్తాను నొక్కింది. అది రాను కాకుండా అలాగే నిలిచింది. అప్పుడు పర్సు తీసుకుని హాలుకి నడిచింది.

గంట నిచ్చెనెక్కి బల్బు మారుస్తున్నాడు. ఆమె చెప్పిందంతా నిచ్చెన మీంచే విన్నాడు.

"చూడండి బటనమ్మగారూ, మీరంటే నాకు గౌరవం. కానీ చోటు చాలక బయట జనం నిలబడుంటారు, లోపల కుర్చీలు ఖాళీ. ఇదేమిటయ్యా అని వాళ్ళు నన్ను పీక్కుతింటుంటే ఏం చెప్పను?"

"ఖాళీగా ఉండడమే వాటి పనని చెప్పండి."

"వస్తారో రారో తేల్చుకోలేనివాళ్ళ కోసం ఇంత పట్టుదలా?"

"తేల్చుకోలేక కాదండీ. తేల్చడం వాళ్ళ చేతుల్లో లేదు."

ఆయన దిగొచ్చి చేతులు తుడుచుకున్నాడు. "బటన్ ఉంటే మీరుండరు. నెలాఖరుకి వేరేవాళ్ళది పెట్టుకుంటా."

"పెట్టుకోండి."

"సంఘాలన్నీ నాతోనే వస్తాయి. హాలు నాది మరి."

"హాలు మీదే. బటన్ నాది."



నెలాఖరున గంట అన్ని సంఘాలవాళ్ళనీ పిలిచాడు. కొత్త సాఫ్ట్‌వేర్ గోడ మీద చూపించాడు. నిజంగానే బావుంది, రంగులవీ చక్కగా ఉన్నాయి. ఆమె వెనక వరసలో కూర్చుని చూసింది. "మారతారా, మారరా? ఒక్కమాట చెప్పండి చాలు" అన్నాడు గంట. చదరంగం క్లబ్బు నడిపే మంగలి మెడ తడుముకుంటూ, "మేం చూస్తామండీ" అన్నాడు. హాలంతా నవ్వింది. గంట కూడా ఆపుకోలేకపోయాడు.

నవ్వు నవ్వే, పని పనే. వారం తిరక్కుండా చదరంగం వాళ్ళు మారిపోయారు. నడక బృందం, కుట్టుపని వాళ్ళు కూడా మారిపోయారు. ఆమె ఎవర్నీ బతిమాలలేదు, ఎవరితోనూ మాటలు మానుకోలేదు. వినికిడి లేని పిల్లల తల్లిదండ్రులు మాత్రం కదల్లేదు. "మాలో చూస్తాననని వాళ్ళెవరండీ?" అంది వాళ్ళ తరఫున వచ్చినావిడ. పాటల సంఘం హాలునే వదిలేసింది. ఇప్పటి కార్యదర్శి పళ్ళడాక్టరు. క్లినిక్కు మూశాక వెయిటింగ్ గదిలో పాడుకుందాం పదండి అంది.

చెప్పుల కొట్టు మీది గది ఖాళీ చేశారు. కంప్యూటర్ ఆమె వంటింట్లో బల్ల మీదికి చేరింది. తోడికోడలు షోరూములో పూటపనికి చేరింది. మొహం గంటు పెట్టుకునే ఉండేది. సాయంత్రం వచ్చి సంఘాలవాళ్ళ ఫోన్లకి జవాబులు చెప్పేది గానీ అక్కతో అవసరమైనంత వరకే.

ఆమె బేకరీకి వెళ్ళింది. నలుగురైదుగురు కొనేవాళ్ళున్నారు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగలేదు.

"మీరు రానని అనలేదు. మా యంత్రం అబద్ధం చెప్పింది. చెప్పించింది మేమే."

"పోనిద్దురూ" అన్నాడాయన, అందరూ చూస్తుంటే ఇబ్బందిపడుతూ.

"పోనిచ్చేది కాదు. వచ్చే శనివారం పాడుతున్నాం. ఏం నొక్కుతారు?"

ఆయన పిండి చేతుల్ని ఆప్రాన్‌కి తుడుచుకుని ఫోన్ తీశాడు. చాలాసేపు చూశాడు. "చూస్తాను" అన్నాడు, నొక్కుతూ.

ఆ శనివారం వెయిటింగ్ గది నిండిపోయింది. గోడల మీద పెద్దపెద్ద పళ్ళ బొమ్మలు, వాటికింద పాడేవాళ్ళు నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. గుమ్మం పక్క ఒక కుర్చీ వేసుంది. ఆమె వెనక వరసలో చోటు చేసుకుని అటే చూస్తోంది. మొదటి పాట అయింది. కుర్చీ ఖాళీ. రెండో పాట ఎత్తుకోబోతుంటే ఒకాయన తడి గొడుగుతో వచ్చి, చుట్టూ చూసి, దాంట్లో కూర్చోబోయాడు.

"అది ఖాళీ లేదండీ."

తోడికోడలు. షోరూము పేరుబిళ్ళ ఇంకా గుండె మీదే ఉంది, తిన్నగా అక్కడినించే వచ్చినట్టుంది.

"ఎవరూ లేరుగా?"

"ఉన్నారు. చూస్తానన్నారు."

"వస్తారా మరి?"

"మీరు కావాలంటే ఆ గోడకి ఆనుకోండి" అంది తోడికోడలు.

పాట మొదలైంది. కింది స్వరం ఉండాల్సిన చోట బోసిగా ఉంది. ఆమె ఒక చరణం తప్పింది. పక్కనున్నావిడ మోచేత్తో పొడిస్తే మళ్ళీ అందుకుంది. బేకరీ ఆయన ఆ రోజు రాలేదు. తోడికోడలు కుర్చీ వీపు మీద చెయ్యేసి, ఆఖరి పాట అయ్యేదాకా నిలబడే ఉంది.